జాజ్ పుణ్యమా అని బతికినవి కావు

ర్యాప్ అంటే మొహం చిట్లించేవాళ్లు కూడా కొన్ని ఆల్బమ్‌ల పేరెత్తగానే మెత్తబడతారు. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందం 1991లో తెచ్చిన ‘ద లో ఎండ్ థియరీ’, పీట్ రాక్, సీఎల్ స్మూత్ జంట 1992లో తెచ్చిన ‘మెక్కా అండ్ ద సోల్ బ్రదర్’, డిగబుల్ ప్లానెట్స్ 1993లో తెచ్చిన తొలి ఆల్బమ్, నాస్ 1994లో తెచ్చిన ‘ఇల్మాటిక్’ ఆ కోవలోవి. ముప్ఫై ఏళ్లు దాటినా వీటికి కొత్త శ్రోతలు పుడుతూనే ఉన్నారు. కారణమేమిటని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు ఒక్కటే: వాటిలో జాజ్ ఉంది కదా! ర్యాప్ తనంతట తాను అల్పాయుష్షుదనీ, జాజ్ వచ్చి దానికి ఆయుష్షు పోసిందనీ ఈ మాటకు అర్థం. దీన్ని మెచ్చుకోలుగా అనే అభిమానులూ ఉన్నారు, ఎత్తిపొడుపుగా అనే విమర్శకులూ ఉన్నారు. ఇద్దరి లెక్కా ఒకటే. అందులో జాజ్ దాత, ర్యాప్ గ్రహీత. ఈ లెక్క చరిత్రకు నిలవదు, చెవికీ నిలవదు. పైగా, ఆ ఆల్బమ్‌లు చేసినవాళ్ల పనితనాన్ని మరొకరి ఖాతాలో జమ చేస్తుంది. ఇన్నేళ్లుగా చలామణిలో ఉందన్న ఒక్క కారణంతో దాన్ని ఒప్పుకోనక్కర్లేదు.

ముందుగా జాజ్ ర్యాప్‌కు అరువిచ్చిందంటున్న ఆ గౌరవం సంగతి చూద్దాం. 1965లో పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక పురస్కారం ఇవ్వాలని సిఫారసు చేస్తే బోర్డు తోసిపుచ్చింది. అప్పటికి ఆయన నాలుగు దశాబ్దాలుగా అమెరికా సంగీతాన్ని మలుస్తున్న మనిషి. ఆ సంస్థ ఆయనకు ప్రత్యేక పురస్కారం ఇచ్చింది 1999లో, ఆయన పోయిన పాతికేళ్లకు. ఒక జాజ్ రచనకు పులిట్జర్ సంగీత బహుమతి మొదటిసారి దక్కింది 1997లో, వింటన్ మార్సాలిస్‌కు. న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో ఒపేరాతో, సింఫనీతో సమానమైన శాఖగా జాజ్‌కు చోటు దొరికింది 1996లో. అంటే ‘లో ఎండ్ థియరీ’ వచ్చేనాటికి జాజ్ ఇంకా పెద్దమనుషుల గుమ్మం ముందు నిలబడే ఉంది. అంతకుముందు 1920లలో అదే జాజ్‌ను నీతి చెడగొట్టే రొదగా తిట్టారు. నిన్నమొన్నటి దాకా తానే గౌరవం కోసం పోరాడిన సంగీతం 1991లో ఇంకొకరికి దాన్ని పంచిపెట్టిందనడం, తర్వాత వచ్చిన హోదాను వెనక్కి జరిపి చెప్పడమే.

గౌరవం మాట వదిలేద్దాం, జాజ్ ధ్వనిలోనే ఆ మహిమ ఉందంటారా? అయితే పరీక్ష సులభం. ఎక్కడ జాజ్ ఎక్కువో అక్కడ ఆయుష్షూ ఎక్కువ ఉండాలి. ఈ పరీక్షను 1990ల తొలినాళ్లే పెట్టి, ఫలితమూ చెప్పేశాయి. లండన్‌కు చెందిన అస్‌త్రీ బృందానికి బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ తన పాత రికార్డుల ఖజానానే తెరిచి ఇచ్చింది. హెర్బీ హాంకాక్ 1964లో చేసిన ‘కాంటలూప్ ఐలండ్’ మీద వాళ్లు కట్టిన పాట అమెరికాలో టాప్ 10లోకి వెళ్లింది. గ్యాంగ్ స్టార్ బృందానికి చెందిన గురు 1993లో ‘జాజ్‌మటాజ్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. డొనాల్డ్ బర్డ్, రాయ్ ఏయర్స్, లానీ లిస్టన్ స్మిత్, బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ వంటి జాజ్ వాద్యకారులు స్వయంగా వచ్చి అందులో వాయించారు. ఇక జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ తన చివరి రోజుల్లో ఈజీ మో బీ అనే ర్యాప్ ప్రొడ్యూసర్‌తో కలిసి పనిచేశాడు. ‘లో ఎండ్ థియరీ’ విడుదలైన నాలుగు రోజులకే, 1991 సెప్టెంబర్ 28న ఆయన చనిపోయాడు. మిగిలిన పని పూర్తిచేసి 1992లో ‘డూ-బాప్’ పేరిట ఆ ఆల్బమ్ విడుదల చేశారు. దానికి గ్రామీ కూడా వచ్చింది.

జాజ్ పాళ్లు కొలిస్తే ఈ మూడింటి ముందు ఏదీ నిలవదు. ఒకదాని వెనక ఖజానా, రెండోదానిలో స్వయంగా వాయించిన దిగ్గజాలు, మూడోదానిలో సాక్షాత్తూ మైల్స్. అయినా అస్‌త్రీ పేరు చెబితే ఒక్క పాటే గుర్తొస్తుంది. ‘డూ-బాప్’ మైల్స్ జీవిత చరిత్రలకు చివరి పేజీగా మిగిలింది. ‘జాజ్‌మటాజ్’ మంచి ప్రయత్నమే గాని, అదే గురు తన జోడీ డీజే ప్రీమియర్‌తో చేసిన గ్యాంగ్ స్టార్ ఆల్బమ్‌ల పక్కన పెడితే వెలవెలబోతుంది. ఆ ఆల్బమ్‌లలో పెద్ద పేరున్న జాజ్ అతిథులు లేరు, పాత రికార్డుల నుంచి ప్రీమియర్ ఏరి తెచ్చిన ముక్కలున్నాయి. మరోవైపు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతి సంపదగా భద్రపరిచే రికార్డుల జాబితాలోకి ‘ఇల్మాటిక్’ 2021లోనూ, ‘లో ఎండ్ థియరీ’ 2022లోనూ చేరాయి. పేరున్న జాజ్‌ను నిండుగా వడ్డించిన ఆల్బమ్‌లు ఆ నాటి ముచ్చటగా మిగిలితే, జాజ్‌ను రెండేసి సెకన్ల ముక్కలుగా కోసుకున్న ఆల్బమ్‌లు నిలిచాయి. ఆయుష్షుకు మూలం జాజ్ కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో సంగతి. ర్యాప్ పాటలకు సంగీతం కట్టే ఈ ప్రొడ్యూసర్లు కోసుకున్నది ఏ జాజ్? నిత్యం పూజలందుకునే ఆల్బమ్‌ల వైపు వాళ్లు పెద్దగా వెళ్లలేదు. వాళ్లు ఎక్కువగా ఏరుకున్నవి 1960ల చివరి నుంచి 1970ల దాకా వచ్చిన సోల్-జాజ్, ఫ్యూజన్ రికార్డులు. జాజ్ విమర్శకులు వ్యాపారమని, పలచనైపోయిందని పక్కనపెట్టిన సరుకు అది. డొనాల్డ్ బర్డ్ 1973 నాటి ‘బ్లాక్ బర్డ్’ బ్లూ నోట్ చరిత్రలోనే విపరీతంగా అమ్ముడుపోయింది. అమ్ముడుపోయినందుకే విమర్శకులు ఆయన్ను అమ్ముడుపోయినవాడన్నారు. ఆ ఆల్బమ్‌లోని ముక్క ఒకటి ‘ఇల్మాటిక్’లో, న్యూయార్క్ మీద నాస్ కట్టిన పాటలో ఉంది. బాబ్ జేమ్స్ 1974లో చేసిన ‘నాటిలస్’ను జాజ్ పండితులు ఏనాడూ గొప్ప రచనల్లో లెక్కవేయలేదు. ర్యాప్ ప్రొడ్యూసర్లకు మాత్రం అది తరగని గనైంది. రానీ ఫాస్టర్ అనే ఆర్గాన్ వాద్యకారుడు 1972లో వాయించిన ‘మిస్టిక్ బ్రూ’ను ట్రైబ్ బృందం 1993లో ‘ఎలక్ట్రిక్ రిలాక్సేషన్’గా మలిచేదాకా దాన్ని తలచుకున్నవాళ్లే తక్కువ. ఆమద్ జమాల్‌ను 1950లలో హోటల్ పియానో వాయించేవాడిగా కొట్టిపారేసిన విమర్శకులున్నారు. మైల్స్ డేవిస్ ఆయన్ను నెత్తిన పెట్టుకున్నాడు, ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత ర్యాప్ ప్రొడ్యూసర్లు పీట్ రాక్, జే డిల్లా మళ్లీ పట్టుకున్నారు. ఈ రికార్డుల దగ్గర అరువివ్వడానికి గౌరవమే లేదు. ఉన్న గౌరవమల్లా వాటికి తర్వాత వచ్చింది, అదీ ర్యాప్ ద్వారా. పాత అట్టపెట్టెల్లో దుమ్ము పట్టిన రికార్డు విని, ఇందులో ఈ నాలుగు స్వరాలు బంగారమని గుర్తుపట్టిన చెవి ఎవరిదో, ముందు పేరు వాళ్లకు దక్కాలి.

చెవి తర్వాత చేయి. అప్పట్లో రికార్డుల ముక్కలు పట్టడానికి వాడిన ఎస్పీ-1200 అనే యంత్రం 1987లో వచ్చింది. అందులో మొత్తం పది సెకన్లకు మించి శబ్దం పట్టదు. ఆ ఇరుకులో చోటు మిగుల్చుకోవడానికి, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించి, యంత్రంలో మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. అలా చేస్తే శబ్దానికి ఒక గరుకుదనం వస్తుంది. ఇవాళ మనం ‘ఆ కాలపు జాజ్ వెచ్చదనం’ అని మురిసిపోయేదాంట్లో కొంత జాజ్‌ది కాదు, ఆ యంత్రపు ఇరుకుది. పాత రికార్డులో పై స్వరాలన్నీ వడగట్టేసి, అడుగునున్న బేస్‌ను మాత్రమే మిగుల్చుకోవడం ఇంకో పద్ధతి. శాక్సోఫోను, ట్రంపెట్, పియానో అన్నీ మాయమై నేల కదిలినట్టు బేస్ ఒక్కటే మోగుతుంది. దాని మీదికి ఇంకెక్కడినుంచో తెచ్చిన డ్రమ్స్ దెబ్బ. ఆ రెండింటి మధ్య వదిలిన ఖాళీలో గొంతు. ‘లో ఎండ్’ అన్న పేరు ఊరికే పెట్టలేదు. ఆ ఆల్బమ్ మొత్తాన్ని అడుగు స్థాయి మీదే నిలబెట్టారు. ట్రైబ్ బృందపు ర్యాపర్, ప్రొడ్యూసర్ అయిన క్యూ-టిప్ ఊహకు తగ్గట్టు శబ్దాన్ని శుభ్రంగా, బరువుగా మలిచిన ఇంజనీరు బాబ్ పవర్ పని కూడా ఇందులో ఉంది.

ఆ ఆల్బమ్ తొలి పాటనే తీసుకోండి. దాని బేస్ జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం 1973లో చేసిన ఒక రచనలోది. మూలంలో అది తిస్ర నడకలో ఊగుతూ పోతుంది. క్యూ-టిప్ దాన్ని కోసి, అతికి, చతురశ్ర నడకలోకి తెచ్చాడు. వినేవాళ్లకు అతుకు కనిపించదు. కానీ ఆ బేస్ ఎప్పుడూ ఒక మాత్ర ముందుకు తూలుతున్నట్టు, అంతలోనే నిలదొక్కుకున్నట్టు అనిపిస్తుంది. ఆ తూలుడే ఆ పాట ప్రాణం. బ్లేకీ రికార్డులో ఆ తూలుడు లేదు, అది పూర్తిగా క్యూ-టిప్ చేర్చినది. పీట్ రాక్ అయితే, శాక్సోఫోన్ వాద్యకారుడు టామ్ స్కాట్ 1967 నాటి రికార్డులో ఒక్క క్షణం మెరిసి పోయే శాక్సోఫోన్ పలుకును పట్టుకుని, చనిపోయిన మిత్రుడు ట్రాయ్ డిక్సన్‌ను తలచుకునే పాటకు పల్లవిగా మార్చాడు. మూలంలో అది దారిన పోయే అలంకారం. ఇక్కడ అదే మళ్లీ మళ్లీ వచ్చి దుఃఖపు బరువు మోస్తుంది. ఒక పలుకును ఎన్నిసార్లు తిప్పినా విసుగు పుట్టకుండా ఉండాలంటే అది ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తెగాలో వెంట్రుకవాసి లెక్క తెలియాలి. జాజ్ వాద్యకారుడి విద్య స్వరాన్ని మార్చుకుంటూ పోవడంలో ఉంది. ఈ ప్రొడ్యూసర్ల విద్య మార్చకుండా నిలబెట్టడంలో ఉంది. రెండూ విద్యలే, ఒకదాని నీడలో ఇంకొకటి పెరిగినవి కావు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ‘లో ఎండ్ థియరీ’లో రాన్ కార్టర్ స్వయంగా వాయించాడు కదా, మైల్స్ డేవిస్ బృందంలో 1960లలో బేస్ వాయించిన మహావాద్యకారుడు లేకపోతే అదెలా నిలిచేదని. రాన్ కార్టర్ వాయించింది ఒక్క పాటలో. ఆ పాట బాగుంది. దాని ముందూ వెనకా ఉన్న పాటలు అంతకు తక్కువేం కాలేదు. రికార్డు నుంచి కోసి తెచ్చిన బేస్‌కూ, ఆయన వేళ్లు పలికించిన బేస్‌కూ ఆల్బమ్‌లో చోటు ఒకటే, పని ఒకటే. ఆయన వచ్చి ఆల్బమ్‌ను పైకి లేపలేదు. అప్పటికే గీసి ఉన్న నక్షాలో ఒదిగిపోయాడు. అది ఆయన గొప్పతనం, ఆ నక్షా గీసిన ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు క్యూ-టిప్ గొప్పతనం కూడా. ఇంకో మాట, ఈ ఆల్బమ్‌ను జనం కంఠతా పట్టింది బేస్ కోసమే కాదు. క్యూ-టిప్ గొంతులో తేలికగా తేలిపోయే తాత్వికత, దాన్ని కిందికి లాగే తోటి ర్యాపర్ ఫైఫ్ డాగ్ వెటకారం, ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకునే తీరు జాజ్ లేకపోయినా ఉండేవి. జాజ్ రికార్డులన్నీ చేతికిచ్చినా అవి లేనివాళ్లకు రావు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఎవరో వాయించినదాన్ని కోసి అతికించడం విద్యెలా అవుతుంది, దొంగతనం కదా? 1991 డిసెంబర్‌లో ర్యాపర్ బిజ్ మార్కీ ఆల్బమ్ మీద న్యూయార్క్ కోర్టులో వచ్చిన తీర్పు ఈ మాటనే అంది. దొంగిలించరాదన్న బైబిల్ ఆజ్ఞతోనే న్యాయమూర్తి ఆ తీర్పు మొదలుపెట్టాడు. ఈ ఆక్షేపణలో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి, వాటిని విడదీయాలి. డబ్బు ప్రశ్న న్యాయమైనదే. మూలం వాయించినవాళ్లకు పేరు, పైకం దక్కాలి. చాలామందికి దక్కలేదు, దక్కినచోట కూడా కొన్నిసార్లు కంపెనీలే తినేశాయి. అయితే డబ్బు బాకీ ఉన్నంత మాత్రాన కళ బాకీ పడదు. అవధానంలో సమస్యాపూరణం చూసే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పాదం పృచ్ఛకుడిది, పద్యం అవధానిది. ఇచ్చిన పాదం ఎంత చిక్కుదైనా, ఎంత అందమైనదైనా, సభ చప్పట్లు కొట్టేది దాన్ని మిగతా మూడు పాదాల్లో కుదిర్చిన తీరుకే. ‘ఇల్మాటిక్’లో జాజ్ వాద్యకారుడు జో చేంబర్స్ రికార్డు నుంచి తీసిన పియానో ముక్క విడిగా వింటే అందమైన సంగీతం. డ్రమ్స్ మీద, నాస్ గొంతు కింద అదే ముక్క అర్ధరాత్రి వీధిలో ముంచుకొచ్చే భయమైంది. ఆ భయం మూలంలో లేదు. దాన్ని పెట్టింది డీజే ప్రీమియర్.

ఇదంతా నడివయసు దాటినవాళ్ల పాత జ్ఞాపకాల మోజు అనేవాళ్లున్నారు. చదువుకునేటప్పుడు వెనకాల మెల్లగా మోగే మెత్తని సంగీతం, అంతకుమించి ఏముందనేవాళ్లూ ఉన్నారు. మోజే అయితే అది ఆ తరంతో ఆగాలి. అలా ఆగలేదు. 2015లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ చేస్తే కమాసీ వాషింగ్టన్, టెరెస్ మార్టిన్, థండర్‌క్యాట్, రాబర్ట్ గ్లాస్పర్ లాంటి జాజ్ తెలిసినవాళ్లు అందులో పాలుపంచుకున్నారు. వాళ్లంతా ర్యాప్ వింటూ పెరిగిన తరం. మెత్తదనం మాటకొస్తే, ఆ ఆల్బమ్‌ల మాటలు విన్నవాళ్లెవరూ అలా అనలేరు. ‘లో ఎండ్ థియరీ’ సంగీత కంపెనీల మోసాన్ని ఎండగడుతుంది. డిగబుల్ ప్లానెట్స్ తొలి ఆల్బమ్‌లో గర్భస్రావ హక్కు మీద పాట ఉంది, రెండో ఆల్బమ్ నల్లజాతి రాజకీయాలను బాహాటంగా ఎత్తుకుంది. ‘ఇల్మాటిక్’లో జైల్లో ఉన్న స్నేహితుడికి రాసే ఉత్తరం ఉంది, వెనకాల మోగేది హీత్ బ్రదర్స్ జాజ్ ముక్కే. వాటిని మెత్తగా వినడం శ్రోత ఎంపిక. జాజ్ అనగానే మర్యాద, మర్యాద అనగానే మెత్తదనం అన్న అలవాటే అలా వినిపిస్తుంది.

ఈ అలవాటు వల్ల అసలు నష్టం ఎక్కడుందంటే, అది ర్యాప్‌ను రెండు కులాలుగా చీలుస్తుంది. జాజ్ ఉన్నది చదువుకున్నవాళ్ల ర్యాప్, లేనిది వీధి ర్యాప్ అని. ఈ విభజన ఎంత డొల్లదో ఒక్క తేదీ చెబుతుంది. 1993 నవంబర్ 9న ట్రైబ్ బృందం ‘మిడ్‌నైట్ మరాడర్స్’, వూ-టాంగ్ క్లాన్ తొలి ఆల్బమ్ రెండూ ఒకేరోజు వచ్చాయి. మొదటిదాన్ని జాజ్ ర్యాప్ అన్నారు, రెండోదాన్ని కరుకు వీధి ర్యాప్ అన్నారు. కానీ ఆ రెండోదానిలో థెలోనియస్ మంక్ పియానో ముక్క ఉంది. జాజ్ పండితులు చేతులెత్తి మొక్కే మంక్! మరి దాన్ని జాజ్ ర్యాప్ అని ఎందుకనలేదు? ఆ బృందం మర్యాదగా కనిపించలేదు కనక. అంటే ఈ ముద్ర సంగీతాన్ని విని వేసింది కాదు, మనుషుల వాలకాన్ని చూసి వేసింది. జాజ్ లోకంలోనూ ర్యాప్ నచ్చనివాళ్లున్నారు: మొదట్లో చెప్పిన వింటన్ మార్సాలిస్ దశాబ్దాలుగా ర్యాప్‌ను ఏకిపారేస్తున్నాడు. పాటల్లోని బూతు గురించి, ఆడవాళ్ల మీద చులకన గురించి ఆయన అనే మాటల్లో కొట్టివేయలేనివి ఉన్నాయి. అవి పాటను పాటగా పట్టుకుని అడగాల్సిన ప్రశ్నలు. జాజ్ ముక్క ఉందా లేదా అన్నది వాటికి జవాబు కాదు. అసలు జాజ్ లోకమంతా ఆయన వైపే లేదు. ఆధునిక జాజ్ డ్రమ్స్‌కు రూపమిచ్చినవాళ్లలో ఒకడైన మ్యాక్స్ రోచ్ 1980లలోనే ర్యాప్ లోకానికి చెందిన ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడీతో, బ్రేక్ డ్యాన్సర్లతో కలిసి వేదికెక్కాడు. ఆయనకు అందులో తన సంగీతానికి అవమానం కనిపించలేదు, కొనసాగింపు వినిపించింది.

కొనసాగింపు కూడా ఒకవైపే సాగలేదు. ట్రైబ్ మలిచిన ‘మిస్టిక్ బ్రూ’ను పియానో వాద్యకారుడు విజయ్ అయ్యర్ తన త్రయంతో 2009లో మళ్లీ వాయించాడు. ఒక జాజ్ రచన ర్యాప్ గుండా ప్రయాణించి జాజ్‌కు తిరిగొచ్చింది. 2006లో చనిపోయిన జే డిల్లా తన యంత్రంలో డ్రమ్స్‌ను లెక్కకు కాస్త ముందూ వెనకా పడేలా కట్టేవాడు. ఆ తడబాటు నడకను చేత్తో వాయించడం ఎలాగో నేర్చుకోవడానికి ఒక తరం జాజ్ డ్రమ్మర్లు కుస్తీ పట్టారు. రాబర్ట్ గ్లాస్పర్ ఆ నడక మీదే తన సంగీతం కట్టుకున్నాడు, ఆయన 2012 నాటి ‘బ్లాక్ రేడియో’ గ్రామీ గెలుచుకుంది. యంత్రం ముందు కూర్చున్న ర్యాప్ ప్రొడ్యూసర్ దగ్గర జాజ్ వాద్యకారులు పాఠం నేర్చుకున్నారన్నమాట. దాత-గ్రహీత లెక్క వేసేవాళ్లు ఈ పద్దు ఏ గడిలో రాస్తారు? 2018లో పులిట్జర్ సంగీత బహుమతి కెండ్రిక్ లమార్‌కు వచ్చింది, అదీ జాజ్ నిండిన 2015 ఆల్బమ్‌కు కాదు, దాని తర్వాత వచ్చిన ‘డ్యామ్’కు.

జాజ్‌కు ఇవ్వాల్సినదేమీ తగ్గించమని ఈ వాదన కాదు. ఆర్ట్ బ్లేకీ, ఆమద్ జమాల్, రానీ ఫాస్టర్ లేకపోతే కోసుకోవడానికి ఆ ముక్కలే ఉండేవి కావు. ఆ పేర్లు ఆల్బమ్ అట్టల మీద ఉండాలి, వాళ్ల వాటా వాళ్లకు, వాళ్ల కుటుంబాలకు చేరాలి. అయితే అవే రికార్డులు ఆ కాలపు పాత రికార్డుల దుకాణాల్లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. అవే యంత్రాలు వందలమంది కొన్నారు. వాళ్లలో ఎక్కువమంది చేసినవి ఎవరికీ గుర్తులేవు. తేడా ముడిసరుకులో లేదు. ఏది వినాలో తెలిసిన చెవిలో, ఎక్కడ కోయాలో తెలిసిన చేతిలో, దాని మీద ఏం చెప్పాలో తెలిసిన గొంతులో ఉంది. ఈ ఆల్బమ్‌లు గొప్ప జాజ్‌ను వాడుకున్నందుకు నిలవలేదు, గొప్ప హిప్‌హాప్ అయినందుకు నిలిచాయి.